ఎక్కడ నిలబడితే కనిపిస్తుంది: అంతర్జాతీయ రిఫరీగా నా అనుభవం

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రిఫరీలకు ఇచ్చే బ్యాడ్జి అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఛాతీ దగ్గర చొక్కాకు అంటించుకుంటాం. దాని మీద ఫిఫా పేరు, రిఫరీ అన్న మాట, ఆ సంవత్సరం అంకె ఉంటాయి. ఏడాది మారగానే ఆ బ్యాడ్జికి చెల్లుబాటు పోతుంది. జనవరి 1న మొదలై డిసెంబర్ 31తో తీరిపోయే అర్హత అది. నేను పదేళ్లు దాన్ని పెట్టుకున్నాను, అంటే పదిసార్లు సంపాదించుకున్నాను. అంతర్జాతీయ రిఫరీ ఎలా అవుతారని అడిగే కుర్రవాళ్లకు ముందుగా ఈ సంగతే చెబుతాను. వాళ్లు సాధారణంగా పెద్ద మ్యాచ్‌ల గురించి వినాలని వస్తారు. నేను మాత్రం ఎక్కడ నిలబడాలన్న దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

నా చేతికి ఈల అనుకోకుండా వచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, ఒక చిన్న క్లబ్బులో డిఫెండర్‌గా ఆడుతున్నాను. ఒక ఉదయం పిల్లల మ్యాచ్‌కి రావలసిన రిఫరీ రాలేదు. కోచ్ ఈల తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆట మొదలైన కాసేపటికి ఒక పిల్లవాడు పెనాల్టీ ఏరియా అంచున కిందపడ్డాడు. మైదానంలో ఉన్న పిల్లలందరూ బంతిని వదిలేసి నా వైపు చూశారు. నేను మధ్య గీత దగ్గరే నిలబడి ఉన్నాను. ఎవరు తోశారో, అసలు తోశారో లేదో నాకు తెలియలేదు. ఈల ఊదలేదు. పడినవాడు లేచి, మోకాలు దులుపుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. అడిగినా ప్రయోజనం లేదని వాడికి అర్థమైనట్లుంది. వాడు పోట్లాడి ఉంటే నేను ఆ సంగతి మరిచిపోయేవాణ్ని. ఆ వారమే వెళ్లి రిఫరీల కోర్సులో చేరాను.

కోర్సులో పదిహేడు నియమాలు చదివించారు. ఆటకు నియమాలు రాసే ఐఎఫ్ఏబీ 1886 నుంచి ఉంది. ప్రతి ఏటా మార్పులు చేసే అధికారం ఆ మండలిదే, అవి జూలై 1 నుంచి అమలులోకి వస్తాయి. అందువల్ల ఒకసారి చదివితే చాలదు. అన్నింటిలోకీ కష్టమైనది పన్నెండో నియమం, అంటే ఫౌళ్లు. అందులో మూడు మెట్లున్నాయి. ఆటగాడు అజాగ్రత్తగా తగిలితే ఫ్రీ కిక్ మాత్రమే, కార్డు లేదు. ఎదుటివాడికి ఏమవుతుందన్న ఆలోచనే లేకుండా దూకితే ఎల్లో కార్డు. మితిమీరిన బలం వాడి ఎదుటివాడి శరీరాన్ని ప్రమాదంలో పడేస్తే రెడ్ కార్డు. కాగితం మీద ఈ మూడూ స్పష్టంగా ఉంటాయి. మైదానంలో వాటి మధ్య దూరం అరసెకను కూడా ఉండదు. తగిలింది బూటు ముందు భాగమా, అడుగు భాగమా, కాలు నేల మీద ఉందా, గాలిలో ఉందా అన్నవి చూసి ఉంటేనే ఏ మెట్టో తెలుస్తుంది.

ఆ రోజుల్లో నా మ్యాచ్ చూడటానికి ఒక పరిశీలకుడు వచ్చాడు. వయసు మళ్లిన మనిషి, మాట తక్కువ. నేను ఆ రోజు ఒక్క పెద్ద నిర్ణయంలోనూ తప్పు చేయలేదని సంతోషంగా ఉన్నాను. ఆయన డ్రెస్సింగ్ రూములో నా ఎదురుగా కూర్చుని, టాస్ వేసిన నాణెం అడిగి తీసుకుని బల్ల మీద పెట్టాడు. బూటు లేసులు రెండు పక్కపక్కనే పెట్టి, "వీళ్లిద్దరూ ఆటగాళ్లు. నువ్వు ఇక్కడున్నావు" అంటూ నాణేన్ని ఆ రెండు లేసుల వెనక, వాటితో ఒకే వరసలోకి జరిపాడు. "ఇక్కడినుంచి నీకు ఒక్క వీపు మాత్రమే కనిపిస్తుంది. ముందు ఏం జరిగిందో ఊహించి ఊదావు. ఊహ సరిపోయింది. నీకు పెద్ద మ్యాచ్‌లు కావాలంటే ఊహించడం మానెయ్" అన్నాడు. తర్వాత నాణేన్ని రెండు వేళ్ల మందం పక్కకు జరిపాడు. అప్పుడు రెండు లేసుల మధ్య సందు కనిపించింది. నివేదికలో నాకు ఆయన తక్కువ మార్కులే వేశాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవమే.

రిఫరీ మైదానానికి అడ్డంగా, ఒక మూల వైపు నుంచి ఎదుటి మూల వైపుకు, వంపుగా పరిగెత్తుతాడు. అసిస్టెంట్ రిఫరీలు ఇద్దరూ అవతలి అంచుల్లో, చెరో సగంలో ఉంటారు. ఆటను రిఫరీకీ అసిస్టెంట్‌కీ మధ్యలో ఉంచుకోవడమే ఈ ఏర్పాటులోని కిటుకు. అప్పుడు ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చూసే నాలుగు కళ్లుంటాయి. ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినవాడు స్టాన్లీ రౌస్. 1934లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు రిఫరీగా పనిచేసి, తర్వాత ఫిఫా అధ్యక్షుడైన మనిషి. దాదాపు వందేళ్లవుతున్నా ఆటలో మరో ఏర్పాటు దీన్ని పక్కకు నెట్టలేకపోయింది.

పిల్లల మ్యాచ్‌ల నుంచి దేశంలోని అగ్రశ్రేణి లీగ్ దాకా మెట్లు ఎక్కడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఎక్కడైనా అదే కథ. పరీక్ష, మ్యాచ్‌లు, పరిశీలకుల మార్కులు, మళ్లీ పరీక్ష. ఒకే మెట్టు మీద మూడేళ్లు నిలిచిపోయిన కాలం కూడా ఉంది. ఫిఫా జాబితాలోకి వెళ్లాలంటే రిఫరీకి కనీసం 25 ఏళ్లుండాలి, దేశపు అగ్రశ్రేణి పోటీల్లో అనుభవం ఉండాలి, వైద్య పరీక్షల్లో, పరుగు పరీక్షలో నెగ్గాలి, దేశ ఫుట్‌బాల్ సంఘం పేరు పంపాలి. ఒక్కో దేశానికి దక్కే స్థానాలు కొన్నే. జాబితాలో ఉన్నవారిలో ఒకరు విరమించుకుంటేనో పరీక్ష తప్పితేనో చోటు ఖాళీ అవుతుంది. నా పేరు రెండేళ్లు పరిశీలనలో ఉండి, మూడో ఏడు వెళ్లింది. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు.

పరుగు పరీక్ష గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు దాన్ని తేలికగా తీసుకుంటారు. అది రెండు భాగాలు. మొదట నలభై మీటర్ల స్ప్రింట్లు ఆరు. ఒక్కొక్కటి 6.0 సెకన్లలోపు పూర్తి చేయాలి, మధ్యలో ఒక్క నిమిషం విరామం. ఒకటి తప్పితే ఏడోది ఇస్తారు. రెండు తప్పితే ఆ రోజుకు ఇంటికే. కొద్ది నిమిషాల తర్వాత రెండో భాగం. 75 మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తి, 25 మీటర్లు 18 సెకన్లలో నడవాలి. అలా నలభైసార్లు. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద పది చుట్లు, ఇరవై రెండు నిమిషాలు. స్పీకర్లోంచి ఈల శబ్దం వినిపించేసరికి నడక గీత లోపల కాలు పడాలి. ఒకసారి ఆలస్యమైతే హెచ్చరిక. రెండోసారి ఆలస్యమైతే ట్రాక్ దిగి వచ్చేయాలి.

ముప్పయ్యో పరుగు దాకా శరీరం మాట వింటుంది. ఆ తర్వాత ఆ పద్దెనిమిది సెకన్ల నడకే బతికిస్తుంది. చేతులు నడుము మీద పెట్టుకోకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను, పెట్టుకుంటే వంగిపోతాను. కోను దగ్గరికి వచ్చి, ఒక కాలు ముందుకు వేసి, శబ్దం కోసం ఎదురుచూసే ఆ రెండు సెకన్లలో ముందువాడి మెడ మీద చెమట చారలు లెక్కపెట్టేవాణ్ని. ఒక ఏడాది నా పక్కన పరిగెత్తుతున్న మిత్రుడు ముప్పై ఆరో పరుగులో రెండోసారి గీత దాటలేకపోయాడు. ఇంకా నాలుగే మిగిలాయి. ఆయన ట్రాక్ పక్కన గడ్డి మీద మోకాళ్లపై కూర్చుండిపోయాడు. నేను ఆగలేను. తర్వాతి చుట్టులో మళ్లీ ఆయన ముందునుంచే పరిగెత్తాను. ఆయన తల ఎత్తి నాకోసం చప్పట్లు కొట్టాడు. ఎన్నో ఏళ్ల కష్టం పోగొట్టుకున్న మనిషి ఆ క్షణంలో అలా చేయగలగడం నాకు ఇవాళ్టికీ ఆశ్చర్యమే.

ఈ పరుగంతా ఎందుకంటే, మ్యాచ్‌లో రిఫరీ పది నుంచి పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. అయినా దూరం అసలు సమస్య కాదు. ఎనభై ఎనిమిదో నిమిషంలో బంతి ఒక చివర నుంచి మరో చివరకు ఎగిరినప్పుడు, ఇరవై ఏళ్ల కుర్రవాడి కంటే రెండింతల వయసున్న మనిషి వాడి వెంటే వెళ్లి, ఆయాసం కళ్లను కమ్మేయకుండా చూడగలగాలి. మహిళా రిఫరీలకు వేరే ప్రమాణాలున్నా, పురుషుల మ్యాచ్‌లు నడపాలంటే పురుషుల ప్రమాణంలోనే నెగ్గాలి. 2022 డిసెంబర్ 1న కోస్టారికా, జర్మనీ మ్యాచ్‌తో పురుషుల ప్రపంచ కప్‌లో తొలి మహిళా రిఫరీ అయిన స్టెఫానీ ఫ్రాపార్ ఆ ట్రాక్ దాటి వచ్చినవారే. ఆ రోజు అసిస్టెంట్లు కూడా ఇద్దరూ మహిళలే, న్యూజా బాక్, కరెన్ డియాజ్. ఆ మ్యాచ్ చూస్తున్నప్పుడు నా కళ్లు ఎక్కువసేపు బంతి మీద లేవు, ఫ్రాపార్ అడుగుల మీదే ఉన్నాయి. ప్రతిసారీ ఆమె అవసరమైన చోటికి అర క్షణం ముందే చేరుకుంటోంది.

అంతర్జాతీయ రిఫరీ అంటే అదే ఉద్యోగమనుకుంటారు చాలామంది. ఎక్కువమందికి మరో ఉద్యోగం ఉంటుంది. 2010 ప్రపంచ కప్ ఫైనల్ నడిపిన హోవర్డ్ వెబ్ ఇంగ్లండ్‌లో పోలీసు సార్జెంటుగా పనిచేశాడు. 2002 ఫైనల్ నడిపిన పియర్‌లుయిజీ కొలీనా ఆర్థిక సలహాదారు. నేను ఆఫీసు పని ముగించుకుని చీకట్లో పరిగెత్తేవాణ్ని. మ్యాచ్ కేటాయింపు వస్తే సెలవు అడిగేవాణ్ని, ఒక్కోసారి దొరికేది కాదు.

కేటాయింపులో మొదటి షరతు ఏమిటంటే, ఆడే రెండు దేశాల్లో దేనికీ చెందకూడదు. అందువల్ల మైదానంలో మన భాష ఎవరికీ రాదు, వాళ్ల భాష మనకు రాదు. ఇంగ్లిష్ కొంత పనికొస్తుంది. మిగతాదంతా చేతులు, ముఖం, ఈల. ఈల చిన్నగా ఊదితే మామూలు ఫౌల్, గట్టిగా పొడవుగా ఊదితే కార్డు రాబోతోందని ఆటగాళ్లకు అర్థమవుతుంది. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్‌లో జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను బయటికి పంపితే, ఆయన దుబాసీని పిలవమంటూ నిమిషాల తరబడి మైదానం వదల్లేదు. ఆ గొడవ మనసులో తిరుగుతుండగా కెన్ ఆస్టన్ అనే రిఫరీల పెద్దకు కారులో వెళ్తూ ట్రాఫిక్ లైట్ల దగ్గర రంగుల ఆలోచన తట్టింది. 1970 ప్రపంచ కప్ నుంచి ఎల్లో, రెడ్ కార్డులు వచ్చాయి. జేబులోంచి కార్డు తీసిన ప్రతిసారీ, భాష రాని ఇద్దరు మనుషుల మధ్య మాట అదేనని నాకు అనిపించేది.

ఇక నా తప్పు. దాని గురించి చెప్పకుండా ఈ అనుభవం పూర్తి కాదు.

అది నా మూడో ఏడాది. వయసు పరిమితి ఉన్న జట్ల అర్హత పోటీ, వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి తప్పు చెప్పే ఏర్పాటు) లేని మ్యాచ్. స్కోరు సున్నా సున్నా, డెబ్బై దాటింది. ఎడమ వైపు నుంచి వేగంగా దాడి వచ్చింది. అంతకుముందు నేను మైదానం మధ్యలో ఒక ఆటగాడితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడాను. దాంతో నాలుగైదు అడుగులు వెనకబడ్డాను. స్ట్రైకర్ పెనాల్టీ ఏరియాలోకి దూరాడు, డిఫెండర్ కాలు చాపాడు, స్ట్రైకర్ ఎగిరి పడ్డాడు. నేను సరిగ్గా వాళ్ల వెనక ఉన్నాను. ఇద్దరి వీపులూ ఒకే వరసలో కనిపిస్తున్నాయి. పడటం చూశాను, తగలడం చూడలేదు. చెవిలో అసిస్టెంట్ గొంతు, "నాకు అడ్డం వచ్చింది, నువ్వే చూసుకో." నా చెయ్యి పెనాల్టీ గుర్తు వైపు లేచింది. డిఫెండర్ పరిగెత్తి రాలేదు, అరవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. మోకాలు దులుపుకుని వెళ్లిపోయిన పిల్లవాడి చూపే అది. పెనాల్టీ గోలైంది, మ్యాచ్ అలాగే ముగిసింది.

ఆట మళ్లీ మొదలయ్యాక రిఫరీ తన నిర్ణయాన్ని మార్చుకోలేడని ఐదో నియమం చెబుతుంది. డ్రెస్సింగ్ రూములో ఫోన్‌లో వీడియో చూశాం. పక్క కోణం నుంచి అంతా తేటగా ఉంది. డిఫెండర్ బూటు మొన ముందు బంతికి తగిలింది. బంతి దిశ మారింది. ఆ తర్వాతే కాళ్లు తగులుకున్నాయి. అసిస్టెంట్లు ఇద్దరూ మాట్లాడలేదు. నా బూట్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. నివేదికలో ఉన్నది ఉన్నట్లు రాశాను, ఆ వీడియో చూశాక నా నిర్ణయం తప్పని తెలిసిందని కూడా రాశాను. ఏడు నెలలు నాకు అంతర్జాతీయ మ్యాచ్ రాలేదు. అది అన్యాయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇంటికి పోయిన జట్టులో పదిహేడేళ్ల పిల్లలున్నారు.

ఆ ఏడు నెలల్లో హోవర్డ్ వెబ్ గురించి చాలా ఆలోచించాను. 2010 ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీకి తగిలినప్పుడు వెబ్ ఎల్లో కార్డే చూపించాడు. తన చూపుకు ఆటగాళ్లు అడ్డం వచ్చారని, తర్వాత వీడియో చూస్తే అది రెడ్ కార్డేనని ఆయనే చెప్పాడు. ప్రపంచంలోని అత్యుత్తమ రిఫరీకి, అతిపెద్ద మ్యాచ్‌లో కూడా, ఎదురుగా ఒక్క మనిషి వీపు అడ్డం వస్తే చాలు. నేను తిరిగి సాధన మొదలుపెట్టినప్పుడు పరుగు వేగం గురించి కాక, దాడి మొదలయ్యే ముందు నేను ఎటు కదలాలన్న దాని గురించి పనిచేశాను. జట్ల పాత మ్యాచ్‌లు చూసి, ఎవరు ఏ కాలితో బంతి మోస్తారో, ఎవరు కార్నర్లలో ఎవరిని పట్టుకుంటారో పుస్తకంలో రాసుకున్నాను.

వీఏఆర్ వచ్చాక ఇవన్నీ అవసరం లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2018లో అది నియమాల్లో చేరింది, ఆ ఏడాది ప్రపంచ కప్‌లోనూ వాడారు. గోలు, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం అన్న నాలుగు సందర్భాల కోసం అది వచ్చింది. అప్పుడు కూడా తప్పు స్పష్టంగా ఉంటేనే జోక్యం. తొలిసారి నన్ను మానిటర్ దగ్గరికి పిలిచినప్పుడు స్టేడియం అంతా నా వీపును చూస్తోందన్న స్పృహ ఉంది. తెర మీద నెమ్మదిగా తిప్పితే ప్రతి ఫౌలూ ఘోరంగా కనిపిస్తుంది. అందుకే తగిలిన చోటు తెలుసుకోవడానికే నెమ్మది వేగం, దెబ్బ తీవ్రత కొలవడానికి మామూలు వేగం వాడాలని పద్ధతి. "మామూలు వేగంలో చూపించండి" అని రెండుసార్లు అడిగాను. ఎల్లో కార్డును రెడ్‌గా మార్చాను. ఆ ఆటగాడు వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మారిన నిర్ణయం వాడికి నష్టమే అయినా, తప్పు నిర్ణయం మోసుకుని నేను డ్రెస్సింగ్ రూముకు వెళ్లనవసరం లేకపోయింది. ఆ పెనాల్టీ రోజున ఇలాంటి తెర ఒకటి ఉండి ఉంటే అనుకోకుండా ఉండలేకపోయాను.

పదో ఏడు డిసెంబర్‌లో నేనే సంఘానికి ఉత్తరం రాసి తప్పుకున్నాను. అప్పటికీ పరీక్షలో నెగ్గుతున్నాను. కానీ చివరి పరుగుల్లో నాకు తోచిన వెంటనే కాలు కదలడం లేదని నాకే తెలిసింది. ఒక అడుగు ఆలస్యం. నా ఉద్యోగంలో అడుగు అంటే ఎంతో నాకు తెలుసు.

ఇప్పుడు పరిశీలకుడిగా వెళ్తున్నాను. పై వరసలో కూర్చుంటే మైదానమంతా బొమ్మలా కనిపిస్తుంది. ఎవరు ఎవరిని తోశారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే తీర్పు చెప్పడానికి అంతకంటే మోసపు చోటు మరొకటి లేదు. నేను రిఫరీ నిర్ణయం కంటే ముందు, ఆ క్షణంలో అతను నిలబడ్డ చోటును కాగితం మీద చుక్కగా గుర్తు పెట్టుకుంటాను.

ఈ మధ్య ఒక యువ రిఫరీ మ్యాచ్ చూశాను. ఒక కార్నర్ దగ్గర డిఫెండర్ చొక్కా లాగడం అతను గమనించలేదు. ఆట ముగిశాక బల్ల మీద చుక్క చూపించి, రెండు అడుగులు కుడికి జరిగి ఉంటే కనిపించేదన్నాను. "లేదు సార్, అక్కడినుంచి చూస్తే గోల్‌కీపర్ ముందు ఏం జరుగుతోందో కనిపించదు. ఇంతకుముందు అలా నిలబడి చూశాను" అన్నాడు. నేను మళ్లీ చెప్పాను. అతను మళ్లీ కాదన్నాడు. అప్పటికి ప్రేక్షకులందరూ వెళ్లిపోయారు. సగం దీపాలు ఆర్పేశారు. ఇద్దరం లేచి మైదానంలోకి వెళ్లాం. అతను నేను చెప్పిన చోట నిలబడ్డాడు. నేను కోటు విప్పి పక్కన పెట్టి, గోల్ పోస్టు దగ్గరికి వెళ్లి గోల్‌కీపర్ ముందు అడ్డం నిలిచే ఆటగాడిలా నిలబడ్డాను. "ఇప్పుడు నా చెయ్యి కనిపిస్తోందా?" అని అరిచాను. అతను మెడ అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చెయ్యి కనిపిస్తోంది, మోచెయ్యి కనిపించడం లేదు" అన్నాడు.